గొలుసు దోషమా, చక్ర దోషమా?

మోటారుసైకిలు ముందు చక్రంలో లోపం కలిగితే నడిపేవారి చేతులకు తెలుస్తుంది. ఇంజనులో కలిగితే చెవికి తెలుస్తుంది. వెనుక చక్రం దగ్గర కలిగిన లోపం మాత్రం తరచుగా దారిన పోయేవారికే ముందు తెలుస్తుంది. "ఏమండీ, మీ చైను వదులైనట్టున్నది" అని పక్కబండి ఆసామి ఎవరో కేకవేసి చెప్పేదాకా యజమాని నిశ్చింతగా సాగిపోతూ ఉంటాడు. చెప్పినవారు చైను అన్నారు గనుక ఆ సాయంత్రమే చైను బిగింపిస్తాడు. నాలుగు రోజులు గడిచేసరికి చప్పుడు తిరిగి వస్తుంది. మళ్ళీ బిగింపు. ఈ విధంగా నేరంలేని గొలుసు శిక్ష అనుభవిస్తూ ఉంటే, అసలు దోషి ఇరుసు బేరింగులలోనో, రబ్బరు దిమ్మలలోనో, చక్రం పుల్లలలోనో కూర్చుని తన పని తాను చేసుకొని పోతూ ఉంటుంది.

దోషం ఎక్కడిదో తేల్చడాన్ని మన వైద్యశాస్త్రం నిదానమన్నది. చికిత్సకంటె నిదానమే కష్టమని ప్రతి వైద్యుడికీ తెలుసు. వెనుక చక్రానికీ దాని గొలుసుకూ పట్టే రుగ్మతలు ఒక్కనాడు పుట్టినవి కావు. ఒక్కొక్కటి ఒక్కొక్క సౌకర్యం వెంట, దాని నీడవలె వచ్చినది. ఏ సౌకర్యం వెంట ఏ బాధ వచ్చినదో ఎరిగినవారికి నిదానం సగం తేలిక అవుతుందని మా విశ్వాసం. అందుచేత ఇక్కడ చరిత్రనూ నిదానాన్నీ విడదీయకుండానే చెప్పదలచినాము.

మొట్టమొదట ఈ వాహనానికి గొలుసే లేదు. 1885లో జర్మనీలో డైమ్లర్, మైబాక్ అనే ఇద్దరు కట్టిన కొయ్యబండిలో ఇంజను శక్తి తోలుపట్టా మీదుగా వెనుక చక్రానికి చేరినది. 1894లో మ్యూనిక్ నగరంలో హిల్డెబ్రాండ్, వుల్ఫ్‌ముల్లర్ పేర వెలువడిన బండిలో పట్టా కూడ లేదు. రైలు ఇంజనులో వలెనే, సిలిండర్లలో ఆడే కడ్డీలు తిన్నగా వెనుక చక్రాన్నే తిప్పేవి. 1,489 ఘనపు సెంటీమీటర్ల ఆ పెద్ద ఇంజను నిమిషానికి 240 చుట్లు తిరిగితే చక్రమూ 240 చుట్లే తిరిగేది. వెనుక చక్రమే ఇంజనుకు గతిచక్రం. కడ్డీలు వెనుకకు మరలడానికి రబ్బరు పట్టీలు సాయపడేవి. ఇంజనుకూ చక్రానికీ నడుమ మరొక వస్తువు లేకపోవడం వల్ల ఇంజను కొట్టే ప్రతి దెబ్బా చక్రానికి సూటిగా తగిలేది. ఆ బండి ఎక్కువ కాలం నిలవలేదు. కాని వెనుక చక్రం కథలో అసలు చిక్కు ఏమిటో అది మొదటనే చూపించి పోయినది. ఇంజను దెబ్బలు దెబ్బలుగా లాగుతుంది. చక్రానికేమో నిలకడగా తిరగవలసి ఉన్నది. ఈ ఇద్దరికీ సంధి చేయవలసినవారు ఎవరు?

తరువాతి పదిహేను ఇరవై సంవత్సరాలు ఆ సంధి చేసినది పట్టాయే. వెనుక చక్రానికి అంచు పక్కగా మరొక అంచు అమర్చి, ఇంజను కప్పీ నుండి దాని మీదికి పట్టా వేసేవారు. పట్టాకు ఒక గొప్ప సుగుణం ఉన్నది: జారుతుంది. ఇంజను దెబ్బ కొట్టినప్పుడు అది కొంచెం సాగి, కొంచెం జారి, ఆ దెబ్బను తానే మింగివేస్తుంది. పట్టాకు ఒక గొప్ప దుర్గుణం కూడ ఉన్నది; అదీ జారడమే. వాన కురిస్తే జారుతుంది, మిట్ట ఎక్కితే జారుతుంది. ఆ రోజులలో దూరప్రయాణం చేసేవారు అదనపు పట్టాను, దానిని అతికే కొక్కేలను వెంట తీసుకొని వెళ్ళేవారు. వెనుక చక్రం దగ్గర ఏమి జరిగినా నిదానం ఒక్కటే: పట్టా జారినది. చికిత్సా ఒక్కటే: కురచ చేసి బిగించడం. ఏమి చప్పుడైనా చైను బిగించడమనే నేటి అలవాటుకు మూలం ఆ పట్టాల కాలంలోనే ఉన్నదేమోనని మాకొక అనుమానం.

గొలుసు అప్పటికే లోకంలో ఉన్నది. జేమ్స్ స్లేటర్ 1864లో ఒక గొలుసుకు పేటెంటు పొందినాడు. స్విట్జర్లాండునుండి ఇంగ్లండుకు వచ్చి స్థిరపడిన హాన్స్ రెనాల్డ్ 1879లో స్లేటర్ వ్యాపారాన్ని కొని, మరుసటి సంవత్సరమే బుష్, రోలరు గల గొలుసును రూపొందించినాడు. అంతకు ముందటి గొలుసులలో చీల మీద పలుచని రేకులు మాత్రమే ఆనుకొని తిరిగేవి. కత్తి అంచు కొయ్యను కోసినట్లు రేకు చీలను కోసేది. రెనాల్డ్ చీల చుట్టూ గొట్టం వంటి బుష్ తొడిగినాడు. దానితో బరువు చీల పొడవునా పరుచుకొన్నది. బుష్ మీద తిరిగే రోలరు పంటి మీద రాచుకోక దొర్లినది. 1885లో జాన్ కెంప్ స్టార్లీ రోవరు సైకిలులో పాదాల బలాన్ని వెనుక చక్రానికి పంపినది గొలుసుతోనే. నేటి మోటారుసైకిలు గొలుసును విప్పి చూస్తే కనిపించేది రెనాల్డ్ కూర్పే. నూటనలభై ఏండ్లకు పైగా ఇంత తక్కువ మార్పుతో నిలిచిన యంత్రభాగాలు అరుదు.

మోటారుసైకిలుకు గొలుసు కట్టడానికి మాత్రం చాలామంది వెనుకాడినారు. యార్కుషైరులో ఫెలన్, రేనర్ అనేవారు, అమెరికాలో ఇండియన్ సంస్థ 1901 ప్రాంతాలనుండే గొలుసును నమ్ముకొన్నారు. తక్కినవారు, "గొలుసు ఇంజను దెబ్బను దాచదు, చక్రాన్ని పాడుచేస్తుంది" అని పట్టాను విడువలేదు. వారి మాట అబద్ధం కూడ కాదు. ఈ తగవు 1911లో మాన్ ద్వీపంలో తేలినది. అంతవరకు సమతలమైన చిన్న మార్గంలో జరిగిన పందెం ఆ సంవత్సరం స్నేఫెల్ కొండ మీదుగా పోయే దాదాపు ముప్పది ఏడున్నర మైళ్ళ చుట్టుకు మారినది. రెండు గేర్లు, గొలుసులు కలిగిన ఇండియన్ బండ్లు మొదటి మూడు స్థానాలూ గెలుచుకొన్నవి. గాడ్‌ఫ్రీ, ఫ్రాంక్లిన్, మూర్‌హౌస్ ఆ బండ్లను నడిపిన ముగ్గురు. న్యాయం చెప్పవలెనంటే, రెండవవాడుగా గమ్యం చేరిన చార్లీ కాలియర్‌ను నిర్ణీతస్థలం కానిచోట పెట్రోలు పోయించుకొన్నాడని తప్పించినందువల్లనే ఆ మూడూ వరుసగా వారికి దక్కినవి. అయినా కొండ ముందు పట్టా ప్రతిష్ఠ తగ్గినది. అయితే పట్టా వెంటనే పోలేదు. 1915లో వచ్చి మొదటి ప్రపంచ యుద్ధంలో వేలకొలది వార్తాహరులను మోసిన ట్రయంఫ్ హెచ్ బండికి ఇంజను నుండి గేరుపెట్టెకు గొలుసు, గేరుపెట్టె నుండి వెనుక చక్రానికి పట్టా! ఒక కాలు ఒక పడవలో, మరొక కాలు మరొక పడవలో. 1920 దాటిన పిమ్మటనే గొలుసు రాజ్యం స్థిరపడినది.

గొలుసుతో వచ్చిన మొదటి రోగం సాగడం. ‘సాగడం’ అని వాడుకలో అంటున్నాముగాని ఉక్కు రేకులు సాగవు. చీలకూ బుష్‌కూ నడుమ రాపిడి కలిగి, ప్రతి కీలులోనూ వెండ్రుకవాసి ఖాళీ ఏర్పడుతుంది. కీలుకు ఒక మిల్లీమీటరులో పదవవంతు చొప్పున అరిగినదనుకొంటే, నూరు లంకెల గొలుసు ఒక సెంటీమీటరు పొడవు పెరుగుతుంది. పొడవు పెరగడం ఒక్కటే అయితే బిగించి ఊరుకోవచ్చును. అసలు హాని వేరు. పళ్ళ మధ్య దూరం మారదు, లంకెల మధ్య దూరం మారినది. ఇక గొలుసు పళ్ళ మొదట కూర్చోక కొనలకు ఎక్కుతుంది, కొనలను వంచుతుంది. వంగిన పళ్ళు కొత్త గొలుసును కూడ త్వరలో తినివేస్తవి. పరీక్ష చాలా సులభం. వెనుక పళ్ళచక్రానికి పూర్తిగా వెనుకవైపు, గొలుసు పంటిని చుట్టుకొన్న చోట, లంకెను వేలితో వెనుకకు లాగి చూడండి. పంటిలో సగం బయటపడేటంతగా గొలుసు లేచి వస్తే దానికి కాలం తీరినది. అది బిగింపుతో పోయే జబ్బు కాదు. గొలుసు మార్చినప్పుడు చిన్న, పెద్ద పళ్ళచక్రాలను కూడ మార్చమని మెకానిక్కు చెప్పితే దానిని వ్యాపారపు ఎత్తుగా భావించనక్కరలేదు.

గొలుసుతో వచ్చిన రెండవ రోగం కుదుపు. పట్టా మింగిన దెబ్బలను ఇప్పుడు మింగేవారు లేరు. అందుచేత కొందరు ఇంజను ఇరుసు మీద స్ప్రింగుతో పనిచేసే తాడనం ఆపే ఏర్పాటు పెట్టినారు. రాయల్ ఎన్‌ఫీల్డు వారు మొదటి ప్రపంచ యుద్ధానికి ముందే వెనుక చక్రం కుండలో రబ్బరు దిమ్మలు పెట్టినారు. పళ్ళచక్రం నేరుగా కుండను పట్టుకోదు. రబ్బరు దిమ్మలను నెడుతుంది, దిమ్మలు కుండను నెడతవి. 1955లో మద్రాసులో తయారు కావడం మొదలైన బుల్లెట్ బండిలోను ఇదే ఉపాయం ఉన్నది, తరువాత వచ్చిన ఎన్నో బండ్లలోను ఇదే ఉన్నది. మన ప్రాంతాలలో చప్పుడు పేరిట గొలుసు అన్యాయంగా బిగింపుకు గురయ్యే సందర్భాలలో అధికభాగం ఈ దిమ్మల పుణ్యమే. రబ్బరు ఎండి, నలిగి, ఖాళీ ఏర్పడితే యాక్సిలరేటరు తెరిచినప్పుడొకసారి, మూసినప్పుడొకసారి ‘ధక్’ మంటుంది. వదులు గొలుసు కూడ ఇంచుమించు అట్లే అంటుంది. తేడా తెలుసుకోవడానికి బండిని స్టాండు మీద నిలిపి, ఒకరు వెనుక బ్రేకు నొక్కి చక్రాన్ని కదలకుండ పట్టగా, మరొకరు పెద్ద పళ్ళచక్రాన్ని చేత ముందుకు వెనుకకు ఆడించాలి. చక్రం కదలకుండనే పళ్ళచక్రం గణనీయంగా ఆడితే దోషం దిమ్మలది. ఆ ఆట తెలియక గొలుసును తీగవలె బిగిస్తే గేరుపెట్టె బేరింగు, చక్రం బేరింగు రెండూ ఆ లాగుడుకు అరిగిపోతవి. ఒక జబ్బుకు పొరపాటు మందు వేసి మరి రెండు జబ్బులు తెచ్చుకోవడమన్నమాట.

మూడవ రోగం సుఖప్రయాణంతో వచ్చినది. రెండవ ప్రపంచ యుద్ధానికి పూర్వం బండ్లలో అధికసంఖ్యకు వెనుక స్ప్రింగులు లేవు. చక్రం చట్రానికి కట్టుబడి ఉండేది గనుక గొలుసు బిగువు ఎప్పుడూ ఒకటే. యుద్ధానంతరం వెనుక చక్రం పైకి క్రిందికి ఊగే ఏర్పాట్లు విరివిగా వచ్చినవి. ట్రయంఫ్ వారు కొంతకాలం స్ప్రింగులన్నిటిని చక్రం కుండలోనే కుక్కి చూచినారు. ఆ కుండను తెలియనివారు విప్పితే స్ప్రింగులు ఎగిరి గాయపరచగలవని హెచ్చరిక ఇవ్వవలసి వచ్చినది! 1949లో ఎన్‌ఫీల్డు బుల్లెట్ చక్రాన్ని ఊగే చేతుల చివర నిలిపినది. చివరకు లోకమంతా ఆ పద్ధతికే వచ్చినది. కాని చేతులు ఊగే కీలు ఒకచోట, ఇంజను వైపు చిన్న పళ్ళచక్రం మరొకచోట ఉన్నవి. కేంద్రాలు వేరు గనుక చక్రం పైకి లేచినప్పుడు ఒక బిగువు, దిగినప్పుడు ఒక బిగువు. ఖాళీ బండిని స్టాండు మీద ఎత్తి ‘సరిగా’ బిగించిన గొలుసు, ఇద్దరు కూర్చుని గతుకు మీదుగా పోయినప్పుడు తెగేటంతగా బిగియవచ్చును. చాలా బండ్లకు క్రింది వరుస నడుమ ఒక అంగుళం, అటూ ఇటూగా, పైకి క్రిందికి ఆట ఉండమని తయారీదారులు చెప్పేది ఇందుకే. బండి స్టాండు మీద ఉన్నప్పుడు చూడాలా, నేల మీద ఉన్నప్పుడు చూడాలా అన్నది ఆయా బండి పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకాన్ని రిజిస్ట్రేషను కాగితాలతోపాటు ఇనప్పెట్టెలో దాచేవారే మనలో ఎక్కువ.

వెనుక చక్రాన్ని జరపడానికి రెండు పక్కలా రెండు మరలున్నవి గదా, ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ తిప్పితే చక్రం ఓరగా నిలుస్తుంది. గొలుసు పక్కకు రాచుకొని పళ్ళ లోపలి చెక్కిళ్ళు మెరుస్తవి. ఒక చెక్కిలి మాత్రమే మెరిస్తే నిదానం అయిపోయినట్లే. చట్రం మీది గుర్తులను గుడ్డిగా నమ్మక, ఒక పొడుగు దారాన్ని వెనుక టైరు నుండి ముందు టైరుదాకా పట్టి చూచే పాత పద్ధతి నేటికీ నమ్మదగినదే.

ఇక చక్రం సంగతి. గొలుసుమీద నేరం మోపడంలో తొందరపాటు ఎంతదూరం పోగలదో తెలిపే కథ ఒకటి ఉన్నది. అది మోటారుసైకిలుది కాదు, గొలుసులతో నడిచిన కారుది. వేల్సు దేశపు ఇంజనీరు ప్యారీ థామస్, 27 లీటర్ల విమానపు ఇంజను అమర్చిన ‘బాబ్స్’ అనే కారులో 1926 ఏప్రిల్‌లో పెండైన్ ఇసుకతీరం మీద గంటకు 170 మైళ్ళు దాటి లోకరికార్డు స్థాపించినాడు. ఆ కారు గేరుపెట్టె నుండి వెనుక చక్రాలకు రెండు పక్కలా గొలుసులు ఉండేవి. మరుసటి ఫిబ్రవరిలో మాల్కం క్యాంబెల్ ఆ రికార్డు దాటగా, దానిని తిరిగి పొందడానికి 1927 మార్చి 3న బాబ్స్‌ను నడుపుతూ థామస్ మరణించినాడు. కారు దొర్లిపోయినది. గొలుసు తెగి అతని తలకు తగిలినదని లోకమంతా చెప్పుకొన్నది. కారును ఆ తీరంలోనే ఇసుకలో పాతిపెట్టినారు. నలభై రెండేళ్ళ తరువాత, 1969లో, ఓవెన్ విన్ ఓవెన్ అనే ఇంజనీరింగు అధ్యాపకుడు దానిని త్రవ్వి తీసి, ఏండ్ల తరబడి శ్రమించి మళ్ళీ నడిచేటట్లు చేసినాడు. ఆ పిమ్మట గొలుసుకు బదులు వెనుక చక్రమే ముందు చెడినదేమో అన్న వాదం బయలుదేరినది. ఇదమిత్థమని తేలినదని మేము అనము. కాని నలభై ఏండ్లకు పైగా ఎవరూ సందేహించని తీర్పు, సాక్ష్యం నేలలోనుండి పైకి వచ్చిన తరువాత సందేహాస్పదమైనది.

మన ఇంటి ముందరి బండికి అంత త్రవ్వకం అక్కరలేదు. ఇంజను ఆపి, గేరు తీసి, స్టాండు మీద వెనుక చక్రాన్ని చేతితో నెమ్మదిగా తిప్పుతూ చెవి యొగ్గితే చాలు. (ఇంజను నడుస్తుండగా గొలుసు దగ్గర వేలు పెట్టరాదు, పిల్లలను ఆ దరికి రానీయరాదు.) టైరు మీద సుద్దతో ఒక గుర్తు పెట్టండి. పెద్ద పళ్ళచక్రానికి 38 పళ్ళు, గొలుసుకు 100 లంకెలు ఉన్నవనుకొందాము. చక్రం ఒక చుట్టు తిరిగితే 38 లంకెలు గడుస్తవి. గొలుసు తన ప్రదక్షిణం పూర్తిచేసేసరికి చక్రం రెండున్నర చుట్లకు కొంచెం పైగా తిరుగుతుంది. చప్పుడు చుట్టుచుట్టుకూ గుర్తు ఒకేచోటికి వచ్చినప్పుడే వినిపిస్తే దోషం చక్రం తరఫుది: బ్రేకు డ్రమ్ము, బేరింగు లేదా పెద్ద పళ్ళచక్రం. రెండు చుట్లు మౌనంగా గడిచి మూడవ చుట్టులో, అదీ గుర్తుకు ప్రతిసారీ వేరుచోట, టక్కుమంటే బిగిసిపోయిన లంకె ఏదో గొలుసులో ఉన్నది. ఒక్కొక్క చుట్టుకు రెండుసార్లకు మించి వినిపిస్తే ఇంజను వైపు చిన్న పళ్ళచక్రాన్ని చూడాలి. అప్పటికీ అనుమానం తీరకపోతే గొలుసు విప్పి చక్రాన్ని ఒంటరిగా తిప్పితే సరి. గొలుసు లేకుండా కూడ గుర్రుమంటే గొలుసు నిర్దోషి. టైరును పైనా క్రిందా పట్టి అటూ ఇటూ ఊపినప్పుడు ‘టిక్కు’ మని ఆడితే బేరింగులో అరుగుదల ఉన్నది. పుల్లలను ఒక్కొక్కదానినే స్పానరుతో మెల్లగా తట్టితే, బిగువున్నది తంబుర తీగవలె పలుకుతుంది, వదులైనది మొద్దుగా పలుకుతుంది. 1874లో జేమ్స్ స్టార్లీ పుల్లలను కుండకు ఓరగా అమర్చే పద్ధతికి పేటెంటు పొందిననాటినుండి చక్రాన్ని తిప్పే బలమంతా ఆ ఓరపుల్లల మీదుగానే అంచుకు చేరుతున్నది. వెనుక చక్రంలో పుల్లలు ముందు చక్రంలోకంటె త్వరగా వదులయ్యేది అందుకే.

గొలుసుకు శత్రువు దుమ్ము. 1961 నుండి మైసూరులో తయారైన జావా బండ్లలో గొలుసును పూర్తిగా రేకు తొడుగులో మూసివేసినారు. మా అభిప్రాయంలో మన రోడ్లకు అంతకంటె తగిన ఏర్పాటు మరొకటి లేదు. అయితే కనబడని గొలుసుకు కందెన వేయడం యజమాని మరచిపోతాడు. 1970 తరువాతి దశాబ్దంలో శక్తిమంతమైన జపాను బండ్లు గొలుసులను త్వరత్వరగా తినివేయగా, చీలకూ బుష్‌కూ నడుమ గ్రీజును నిలిపి రెండు పక్కలా రబ్బరు వలయాలతో మూసిన గొలుసులు వచ్చినవి. వీటిని పెట్రోలుతో కడిగి ఇనుపతీగల బ్రష్షుతో తోమేవారున్నారు. వలయం చెడితే లోపలి గ్రీజు పోతుంది, తిరిగి నింపడానికి దారి లేదు. 1980లో హార్లీ డేవిడ్‌సన్ పళ్ళుగల పట్టాను తెచ్చి పాత పట్టాకు పునర్జన్మ ఇచ్చినదిగాని, మన వీథులలో తిరిగే బండ్లలో అత్యధికం నేటికీ గొలుసు బండ్లే.

వెనుక కూర్చునే స్త్రీల చీరచెంగు చక్రంలో చిక్కుకోకుండ, వెనుక చక్రంలో సగానికి తక్కువ కాకుండ కప్పే రక్షణ ఉండవలెనని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి 123వ నియమం చెపుతున్నది. చక్రం బాగుచేయించిన రోజున ఆ కంచెను తీసి పక్కన పెట్టి, తిరిగి బిగించడం మరచి పంపే మరమ్మతు దుకాణాలు లేకపోలేదు. బండి తీసుకొనేటప్పుడు దానిని చూచుకోవలెను. గొలుసు కొసలను కలిపే లాకును కూడ చూచుకోవలెను. చేపతోకవలె చీలిన ఆ చిన్న రేకుకు ఒక కొస మూసి ఉంటుంది, ఒక కొస తెరిచి ఉంటుంది. గొలుసు పరుగెత్తే దిక్కుకు మూసిన కొస ఉండాలి. తెరిచిన కొస ముందుకుంటే, ఏదైనా తగిలినప్పుడు లాకు ఊడి, తెగిన గొలుసు చక్రానికి చుట్టుకొని దానిని పట్టివేయగలదు.